క్రియాటినిన్ పెరిగినప్పుడు మన వంటిల్లు



రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉందనగానే ఇంటివారు అడిగే ప్రశ్న: ఏమి తినాలి, ఏమి మానాలి? క్రియాటినిన్ మన కండరాలలో పుట్టే వ్యర్థము. మూత్రపిండాలు దానిని వడగట్టి బయటకు పంపుతాయి. పెద్దవారికి 100 మిల్లీలీటర్ల రక్తములో సుమారు 0.6 నుండి 1.2 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతకు మించితే వడపోత తగ్గినదని అనుమానించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో షుగరు, బి.పి. లేనివారికి కూడా ఈ జబ్బు వచ్చినది గనుక ఎవరును నిర్లక్ష్యము చేయరాదు.

మొదటిది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా మించకూడదు. ఊరగాయ, అప్పడాలు, ఎండు చేపలు మానాలి. 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం కలుపుతారు. అది వీరికి ప్రమాదము.

రెండవది పొటాషియం. రక్తములో ఇది మిక్కిలి పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇది ఎక్కువ ఉందని డాక్టరు చెప్పినవారు కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, బత్తాయిరసము మానాలి. రోగిని చూడవచ్చేవారు ప్రేమతో తెచ్చేవి ఇవే! కూరముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి వండితే కొంత తగ్గుతుంది.

మూడవది మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప, మాంసము డాక్టరు చెప్పిన కొలత ప్రకారము తినాలి. బొత్తిగా మానితే కండ కరిగి నీరసిస్తారు. డయాలసిస్ మొదలైన తరువాత ఇవి మునుపటికంటె ఎక్కువ కావాలి. పాత పథ్యము పట్టుకొని ఉండరాదు. కాళ్లవాపు, ఆయాసము ఉన్నవారు నీళ్లు కూడా కొలత ప్రకారమే త్రాగాలి.

ఒళ్లు నొప్పులకు దుకాణములో అడిగి కొనే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, ఎవరో ఇచ్చే భస్మములు ఉన్న కాస్త శక్తిని కూడా పోగొట్టగలవు.

ప్రార్థన చేయించుకున్నాము గనుక డయాలసిస్ మానేస్తామని కొందరంటారు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించగా దేవుడు ఆలకించెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి అతని పుండుమీద వేయించెను (2 రాజులు 20వ అధ్యాయము). ప్రార్థనకు వైద్యము శత్రువు కాదు. ఉపవాస దినములలో రోగి భోజనమును, మందులను మానవద్దు. అతని పక్షముగా సంఘము ఉపవసించగలదు.

తల్లులారా, ఒకరికి పథ్యమైతే ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండండి. వేరే గిన్నె, వేరే కూర అని కుమిలిపోక, రోగి అందరితో కూర్చుండి తింటాడు. అదియు పరిచర్యయే.

ప్రభువు మీ గృహములకు స్వస్థత దయచేయును గాక. ఆమేన్.