వియర్ నది ఒడ్డున

మోకాళ్ళ నొప్పులున్న ఇల్లాలితో షికారు వెళ్ళదలచిన వారికి ఇంగ్లండులోని డర్హమ్ ఊరిని సిఫారసు చేస్తాను. అక్కడ వియర్ నది, గుట్టమీది పెద్ద చర్చిని మూడు వైపులా చుట్టి పారుతుంది. గట్లన్నీ అడవిలా చెట్లే. ఎల్వెట్ వంతెన దగ్గర దిగి, నీడపట్టున నడిచి, ప్రెబెండ్స్ వంతెన దాటి, ఆవలి గట్టున ఫ్రామ్‌వెల్‌గేట్ వంతెన చేరి, బజారులోంచి బయలుదేరిన చోటికే వచ్చేయవచ్చు. ఎక్కడా వెనుదిరగనక్కరలేదు.

మా ఆవిడది గోదావరి లంక. "దీన్నీ నది అంటారుట్రా? మన పంటకాలవే నయం" అంది, అక్కడ చదువుకుంటున్న మా అబ్బాయితో. వాడు నవ్వి ఊరుకున్నాడు. ప్రెబెండ్స్ వంతెన మీదికి వచ్చాక మాత్రం, "ఇక్కడుండే పాత వంతెనను 1771 వరద పట్టుకుపోయిందమ్మా. ఇది తరవాత కట్టింది" అన్నాడు.

ఆవిడ పిట్టగోడ పట్టుకుని ఆగిపోయింది. 1986 ఆగస్టులో గోదావరి వాళ్ళ పుట్టింటి గోడలు పడగొట్టిన సంగతీ, చూడిగేదెను పడవెక్కించలేక వదిలేసిన సంగతీ అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పలేదు సుమండీ!

కొంచెం ముందుకు వెడితే నీళ్ళకు అడ్డంగా చిన్న ఆనకట్ట ఉంది. ఆ హోరులో ముగ్గురం చాలాసేపు నిలుచున్నాం.

"రేపూ వద్దాం" అంది. మోకాళ్ళ ఊసెత్తలేదు.