నగరపు పద్దులో మన వీథి

ఇంటి జమాఖర్చులు వ్రాయు అలవాటు గల గృహిణికి ఒక సంగతి మేము చెప్పనక్కఱలేదు. నెల మొదట పద్దు వేయని ఖర్చునకు నెల చివర సొమ్ము దొరకదు. పిల్లవాని బడిజీతమును, పాలవాని బాకీని, అత్తగారి మందులను ముందుగనే యెంచి వేఱుగ తీసియుంచిన యిల్లాలికి ఇరువదియైదవ తేదీన దిగులుండదు. ముందుగ ఎంచని ఖర్చు వచ్చిపడినప్పుడు ఎంత చింతించినను పెట్టె ఖాళీగనే యుండును. నగరపు సంగతియు నిట్టిదే. దీనిని గుర్తింపకపోవుటచేతనే మన వీథులలోని కోరికలు పెక్కులు ఏండ్ల తరబడి కోరికలుగనే మిగిలిపోవుచున్నవని మా అభిప్రాయము. కావున ఈ మాసము విశాఖపట్టణమును దృష్టాంతముగ గైకొని, పౌరులు తమ నగరపాలక సంస్థను ఏమి యడుగవలెనో, ఎప్పుడడుగవలెనో, ఏ రీతి నడుగవలెనో సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

విశాఖపట్టణమున పురపాలనము నిన్న మొన్న పుట్టినది గాదు. 1858లో పట్టణపు పెద్దలు తమంతట తామే యొక సంఘముగ నేర్పడి ఊరి బాగోగులకు పూనుకొనిరి. 1865లో చెన్నరాజధాని ప్రభుత్వము చేసిన చట్టము ననుసరించి అది శాసనబద్ధమైన పురపాలక సంఘముగ మాఱెను. 1901 నాటి జనాభా లెక్కలలో ఈ పట్టణమున దాదాపు 41 వేలమంది యుండిరి. 1933లో నౌకాశ్రయము తెఱువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 1979లో పురపాలక సంఘము నగరపాలక సంస్థ యయ్యెను. 2005లో గాజువాక పురపాలక సంఘమును, పరిసర గ్రామములను తనలో కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థగ విస్తరించెను. 2011 నాటి లెక్కలలో జనసంఖ్య 17 లక్షలు దాటెను. పట్టణము చిన్నదిగ నున్న కాలమున వీథి పెద్ద యొకడు పురపాలక సభ్యుని గుమ్మము తొక్కి నాలుగు మాటలు చెప్పిన పని జరిగిపోయెడిది. నేడు నగరపు ఆదాయవ్యయములు వేలకోట్ల రూపాయలలో నడచుచున్నవి. అంతటి లెక్కలో మన వీథి మురుగు కాలువ యెచ్చట నున్నదో వెదకి చూచు ఓపిక మనకుండవలెను.

ఈ సొమ్ము ఎవరిదని యెవరైన నడుగవచ్చును. ఇంటి పన్ను, ఖాళీ స్థలపు పన్ను, కుళాయి రుసుము, కట్టడముల అనుమతి రుసుము మనము కట్టినవే. రాష్ట్ర ప్రభుత్వమును, కేంద్ర ఆర్థిక సంఘమును ఇచ్చు నిధులు సైతము మనము బట్టలు మొదలగు వస్తువులు కొన్నప్పుడు చెల్లించిన పన్నులనుండి తిరిగి వచ్చినవే. అద్దె యింటనున్న గృహిణి తనకు పన్నుతో పనిలేదనుకొనుట పొరపాటు. యజమాని కట్టు పన్ను ఆమె యిచ్చు అద్దెలోనే యిమిడియున్నది. కావున నగరమును మనమడుగునది దానము గాదు. మన సొమ్మునకు లెక్కయే.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. మొర వేఱు, పద్దు వేఱు. కుళాయి పగిలినది, దీపము వెలుగలేదు, చెత్త తీయలేదు అని చెప్పుకొనునది మొర. దానికి మార్గములున్నవి. సోమవారము నాడు ప్రజల అర్జీలు స్వీకరించు ఆచారము నగరపాలక కార్యాలయమున నున్నది. 2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్రమంతట వార్డు సచివాలయములు ప్రారంభమై, పారిశుద్ధ్యమునకు, వసతులకు, సంక్షేమమునకు వేఱువేఱు కార్యదర్శులు వచ్చిరి. పగిలిన కుళాయిని వారు బాగుచేయింపవచ్చును. కాని వీథికి కుళాయియే లేనియెడల, కాలువయే త్రవ్వనియెడల, ఆడువారికి మరుగుదొడ్డియే కట్టనియెడల ఆ ఉద్యోగి యేమి చేయగలడు? అతనియొద్ద ఆ పనికి పైకము లేదు. అర్జీకి రసీదు వచ్చును, సంఖ్య వచ్చును, నిధులు లేవని సమాధానమును వచ్చును. ఉద్యోగిని నిందించి ప్రయోజనము లేదు. ఆ పని ఆ సంవత్సరపు పద్దులలో లేదు. లేని పద్దునుండి ఖర్చు పెట్టుట ఏ యధికారికిని సాధ్యము కాదు.

పద్దు పడిన పని యెట్లు సాగునో చూపుటకు విశాఖలోనే నిదర్శనము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నగరముపై విరుచుకొనిపడి స్తంభములు కూలగా వీథులు చీకటియయ్యెను. తరువాత కొలది నెలలలోనే పాత దీపముల స్థానమున తొంబదివేలకు పైగా కొత్త ఎల్‌ఇడి దీపములు అమర్చబడెను. అంతకుముందు ఒక్కొక్క వీథివారు ఒక్కొక్క దీపమునకై తిరుగుచుండిరి. నగరమంతటికిని ఒక్క నిర్ణయము జరిగి, దానికి సొమ్ము ఏర్పాటయినంతనే పని నెరవేఱెను. విపత్తు వచ్చినప్పుడు జరిగిన యీ పని విపత్తు రాకయే జరుగవలెనన్న ముందుగ అడుగుట తప్ప వేఱు మార్గము లేదు.

ఎవరికి ముందుగ అను ప్రశ్న ఇక్కడ పుట్టును. సింహాచలపు కొండల వరుసకును యారాడ కొండకును నడుమ నున్న నగరమిది. పల్లపు భూమి వెలయెక్కువ గావున కూలినాలి చేసికొనువారు కొండవాలులందు ఇండ్లు కట్టుకొనిరి. 2011 జనాభా లెక్కలలో పదిలక్షలు దాటిన మన దేశపు నగరములలో, మురికివాడలలో నివసించు కుటుంబముల పాలు విశాఖపట్టణమున అన్నిటికంటె హెచ్చుగ నుండెను. అది నూటికి 44. రైవాడ, మేహాద్రిగెడ్డ, తాటిపూడి, ఏలేరు నీరు నగరమునకు వచ్చుచున్నను, ఆ నీరు కొండపైకి ఎక్కవలెనన్న పంపు, తొట్టి, గొట్టములు కావలెను. అవి లేనిచోట బిందె నెత్తిన పెట్టుకొని మెట్లెక్కునది ఆడుదియే. మెట్లు లేనిచోట వానలో జాఱిపడునదియు నామెయే. గోడ లేని కొండవాలున వానాకాలపు రాత్రి పిల్లలను ప్రక్కలో పెట్టుకొని మేలుకొనియుండు తల్లికి, పల్లమున మేడలోనున్న మనకు కావలసిన ఉద్యానవనముకంటె ముందుగ పద్దు పడవలెను. సభలకు పోయి ఆంగ్లమున అర్జీలు వ్రాయగలవారి వీథులకే నిధులు చేరి, అడుగ నేర్వనివారి వాడలు అట్లే యుండిపోవుట న్యాయము కాదు. చదువుకొన్న సోదరి తన వీథికొఱకు వ్రాయు అర్జీలో తన యింట పనిచేయు ఆమె వాడ పేరును చేర్చిన ఎంత బాగుండును!

పేదవాడలవారు తమ యవసరములను తామే చెప్పుకొనలేరనువారు కలరు. ఆ మాట సరికాదని విశాఖ చరిత్రయే చెప్పుచున్నది. బ్రిటిష్ ప్రభుత్వపు ధనసాహాయ్యముతో 1988లో విశాఖపట్టణమున మురికివాడల అభివృద్ధి పథకము మొదలయ్యెను. దారులు, కాలువలు, కుళాయిలు, దీపములతో పాటు ఆ పథకము క్రింద వాడలలో సామాజిక భవనములు లేచెను. వాడవారితోనే పేట సంఘములు ఏర్పడెను. ఆ భవనములలో పసిపిల్లల బడులు, కుట్టుపని తరగతులు, ఆరోగ్య శిబిరములు నడచెను. పగలు కూలికి పోవు తల్లి బిడ్డను విడిచిపోవుటకు ఒక చోటు దొరకుట ఎంతటి యుపకారమో తల్లులకు వేఱుగ చెప్పవలెనా? ఐతే ఇందులో ఒక హెచ్చరికయు నున్నది. పరదేశపు సాహాయ్యమునకు గడువుండును. కట్టిన కప్పునకు మరమ్మతులు, బడికి ఆయా జీతము, దీపమునకు విద్యుత్తు రుసుము ప్రతి సంవత్సరము కావలసినవే. అడుగువారు కట్టుబడి ఖర్చు మాత్రమేగాక నిర్వహణపు ఖర్చును కూడ అడుగవలెను. కోడలికి నగ పెట్టి కూడు పెట్టని యింటివలె, భవనము కట్టి నడపుటకు పైకము పెట్టని నగరమును శోభింపదు.

వసతులు కావలెను గాని పన్ను వలదనుటయు తగదు. 2020లో ఇంటి పన్నును అద్దె విలువనుబట్టిగాక ఆస్తి మూలధనపు విలువనుబట్టి విధించు పద్ధతి రాష్ట్రమున వచ్చినప్పుడు విశాఖలోని నివాసుల సంఘములు ఆక్షేపించెను. 2021లో చెత్త సేకరణకు నెలనెల రుసుము పెట్టినప్పుడును ఆగ్రహము కలిగెను. ఆ రుసుమును రద్దు చేయుదుమని 2024లో ప్రభుత్వము ప్రకటించెను. ఆ కష్టము నిజమే. చాలీచాలని రాబడిలో నెలకొక కొత్త ఖర్చు చేరిన నలిగిపోవునది గృహిణియే. కాని చెత్తబండి యూరక నడువదు గదా! ఆ సొమ్ము వేఱొక పద్దునుండి రావలసినదే. అది యే పద్దునుండి తీసిరో, దానివలన ఏ పని వెనుకబడెనో యడుగుట మన విధి. ముందుగ చెప్పి, లెక్క చూపి, అభిప్రాయమడిగి విధించిన పన్నును జనులు కొంత సణిగియైన కట్టుదురు. చెప్పక విధించినది చిన్నదైనను బరువే.

చెప్పించుకొను హక్కు మనకు రాజ్యాంగమే యిచ్చినది. 1992 నాటి 74వ సవరణ ప్రకారము మూడు లక్షలకు మించిన జనముగల పురపాలక ప్రాంతములలో వార్డు సంఘములుండవలెను. స్త్రీలకు స్థానములలో మూడవ వంతుకు తగ్గరాదు. ఆంధ్ర రాష్ట్రము దానిని సగము చేసినది. ఐనను, 2012లో పాలకవర్గపు గడువు తీఱిన పిమ్మట 2021 మార్చి వఱకు విశాఖ నగరపాలక సంస్థకు ఎన్నికలే జరుగలేదు. తొమ్మిదేండ్లు నగరపు పద్దులను అధికారులే వ్రాసిరి. వీథి పేరెత్తి మాటాడుటకు సభ్యుడు లేని తొమ్మిదేండ్లవి. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగి, గొలగాని హరి వెంకటకుమారి గారు మేయరైరి. 1921లో చెన్నరాజధానిలో స్త్రీలకు శాసనసభ ఓటు లభించినప్పుడు అది గొప్ప వింతగ చెప్పుకొనిరి. నూఱేండ్ల పిమ్మట స్త్రీ మేయరు పీఠమున కూర్చుండుట ఎవరికిని వింతగ తోపలేదు. మంచిదే. కాని పీఠమున నొక స్త్రీ కూర్చుండిన చాలదు. ఎదుట నిలిచి అడుగు స్త్రీలును కావలెను.

ఇతర దేశములలో ఈ యడుగుట ఒక పద్ధతిగ నెలకొన్నది. బ్రెజిల్ దేశపు పోర్టో అలెగ్రే నగరమున 1989 మొదలు పేటపేటను జనులు సభచేరి, రానున్న సంవత్సరపు నగర నిధులలో తమ పేటకు మొదట ఏ పని కావలెనో తామే నిర్ణయింపసాగిరి. పేదపేటలవారు మొట్టమొదట కోరినవి మంచినీరును, మురుగు కాలువలును. మన దేశమున పుణె నగరపాలక సంస్థ 2006 మొదలు పౌరులనుండి వార్డు పనుల సూచనలు గైకొని బడ్జెట్టులో చేర్చు ఆచారమును పెట్టినది. పాలకులు మాఱగా పోర్టో అలెగ్రేలో ఆ పద్ధతి తరువాత సన్నగిల్లెను. అడుగువారు మానినచో అడుగనిచ్చువారును మఱచిపోవుదురని దీనివలన తెలియుచున్నది.

ఇక ఇంటిపట్టున నుండు సోదరి యేమి చేయగలదు? మాకు తోచినవి నాలుగు మాటలు చెప్పెదము. మొదటిది కాలము. కొత్త లెక్కల సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమగును. కమిషనరు అంచనాలు సిద్ధము చేయగా స్థాయీ సంఘము పరిశీలించును. అటుపిమ్మట సభ ఆమోదించును. కావున దీపావళి దాటినంతనే అడుగుట ఆరంభింపవలెను. మే నెల యెండలో నీటికై అడుగువారు వచ్చు వేసవికి అడిగినట్లు. రెండవది ఐకమత్యము. పదియిండ్ల ఆడువారు ఒక మధ్యాహ్నము కూర్చుండి, కావలసినవన్నియు చెప్పుకొని, వానిలో మూడింటిని మాత్రమే యేర్చి వ్రాయవలెను. ఇరువది కోరికల అర్జీని ఎవరును చదువరు. మూడవది వివరము. కాలువ యెక్కడనుండి యెక్కడికి, ఎన్ని గజములు, ఎన్ని యిండ్లకు ఉపయోగము, పక్కనున్న బడికి ఎంత దూరము అన్నవి వ్రాసిన అర్జీ బల్లపై నిలుచును. నాలుగవది వెంబడించుట. బడ్జెట్టు ఆమోదమైన పిమ్మట మన పని అందున్నదో లేదో చూడవలెను. చెప్పనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో వ్రాతమూలకముగ అడుగవచ్చును. పద్దు పడియు పని కానియెడల కారణమడుగవచ్చును.

ఇదంతయు మగవారి పని యని కొందఱనవచ్చును. మగవారు పోవు త్రోవ గుమ్మమునుండి పెద్దబాటకు. ఆడువారి త్రోవలో కుళాయి, అంగనవాడి, రేషను దుకాణము, బడి, చీకటి మూల, కాలువగట్టు అన్నియు నున్నవి. వీథికేమి కావలెనో తెలిసినవారు పద్దు వ్రాయు చోటికి దూరముగ నుండుటయే మన నగరముల కొఱత. ఇంటి లెక్కలో దమ్మిడీకి తేడా వచ్చిన నిద్రపట్టని గృహిణి, తన నగరపు లెక్కను ఏడాదికొక్కసారియైన చదువుట కష్టము గాదు. ఈ సంవత్సరము మీ వీథిలో పదుగురు కూడి ఆ పని యారంభింపుడు. మీరు కోరిన మూడు పనులేవో, వానిలో ఏది పద్దుకెక్కినదో మాకు వ్రాసినచో, ఇతర పట్టణముల సోదరీమణులకు మార్గముగ నుండునని ప్రకటించుటకు మేము సంతసింతుము.