“మళ్ళీనా?” అని అడగకండి

“ఇప్పుడే కదా వెళ్ళి వచ్చావు, మళ్ళీనా?” ఈ మాట మన ఇళ్ళలో ఎందరో స్త్రీలు తరచు వింటున్నారు. బస్సు ఆపమని అడగలేక, పెళ్ళిపందిట్లో నిశ్చింతగా కూర్చోలేక, ఉదయం నుంచే మంచినీళ్ళు మానుకొని బయలుదేరుతున్నారు. వారి బాధకు మనం పెట్టిన పేర్లు మూడు: అలవాటు, భయం, వయసు. వ్యాధిని ఈ పేర్లతో కప్పిపుచ్చడం అన్యాయమని నా వాదన.

ఆరోగ్యవంతురాలి మూత్రాశయంలో సుమారు 150 నుంచి 200 మి.లీ. చేరినప్పుడు తొలి కబురు మెదడుకు అందుతుంది. అది మెట్టు మెట్టుగా బలపడుతుంది. 300 నుంచి 500 మి.లీ. నిండేవరకు ఆమె వాయిదా వేయగలదు. ఓవర్ యాక్టివ్ బ్లాడర్ ఉన్నవారికి తరచుగా ఆ వ్యవధి దొరకదు. కొద్దిపాటి మూత్రానికే, ఉన్నట్టుండి, ఆపుకోవడం కష్టమైన తొందర పుడుతుంది. ఆ తొందరే ఈ వ్యాధికి మూలలక్షణమని, బట్టలు తడవకపోయినా అది వ్యాధేనని ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లోనే నిర్వచించింది.

మూత్రాశయ కండరం అకాలంలో ముడుచుకోవడం ఒక కారణం. అయితే పీడనం కొలిచే పరీక్షలో అది అందరిలోనూ కనబడదు. లోపం మూత్రాశయపు లోపలి పొరలో ఉండవచ్చు, నాడులలో ఉండవచ్చు, ఆ కబురును అదుపు చేయవలసిన మెదడులోనూ ఉండవచ్చు. కనుక “పరీక్షలలో ఏమీ లేదు” అన్నంత మాత్రాన “ఆమెకు ఏమీ లేదు” అని కాదు. ఆ తొందరను పట్టి చూపే రక్తపరీక్ష లేదు. ఆమె మాటే సాక్ష్యం.

ఈ మాట మొదట నాకు నేను చెప్పుకోవాలి. ప్రభుత్వాసుపత్రి ఓపీలో, బయటి వరుస పొడవు చూసి, మంట లేదు, జ్వరం లేదు అని ఆమె చెబుతున్నా వినక, కల్చర్ పరీక్షైనా చేయించకుండా యాంటీబయాటిక్ రాసి పంపిన రోజులు నాకున్నాయి. అది వైద్యం కాదు, వదిలించుకోవడం.

మరి చేయవలసినదేమిటి? ముందుగా ఇన్ఫెక్షన్, మధుమేహం లేవని పరీక్షలతో నిర్ధారించుకోండి. మూత్రంలో రక్తం కనబడితే ఒక్కరోజూ జాప్యం చేయకండి. మూడు రోజులపాటు ఎప్పుడు వెళ్ళారో, ఎంత వచ్చిందో కొలపాత్రతో చూసి రాసుకోండి. నీళ్ళు మానకండి, చిక్కబడిన మూత్రం తొందరను పెంచవచ్చు. కాఫీ, టీలు తగ్గించండి. ముందుజాగ్రత్త పేరుతో గంటగంటకూ వెళ్ళకండి. తొందర పుట్టగానే పరుగెత్తక, నిలబడి కటి కండరాలను బిగించి, అల దాటనివ్వండి. వ్యవధిని మొదట పావుగంట చొప్పున, వారాల తరబడి పెంచుకుంటూ పోండి. ఇవి చాలనప్పుడు మందులున్నాయి. వాటిలో కొన్ని నోరు ఎండజేస్తాయి, వృద్ధులలో మతిమరుపు కలిగించవచ్చు. వైద్యుని అడగకుండా వాడవద్దు.

చివరిగా భర్తలకు, కుమారులకు, నా తోటి వైద్యులకు ఒక మనవి. “మళ్ళీనా?” అన్న ప్రశ్న మానండి. “ఎంతకాలంగా ఇలా ఉంది?” అని అడగండి. ఆమె సిగ్గు విడిచి వైద్యం కోరడానికి ఆ ఒక్క ప్రశ్న దారి తీయవచ్చు.