వారంటీ ఐదేళ్లు, బండి మాత్రం షెడ్డులోనే

కొత్త బండి తాళం చేతికిచ్చేటప్పుడు షోరూంలో ఫొటో తీస్తారు, మిఠాయి పెడతారు. అదే బండి రెండు నెలలకు మొరాయిస్తే వెనక షెడ్డులో పలకరించే మనిషి దొరకడం కష్టం. ఈ తేడా ఇవాళ్టిది కాదు. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఏళ్లుగా వాయిదా వేసుకుంటూ వచ్చిన కుటుంబాలకు కొత్త బండి మీద ఆశ పుట్టింది. ధర తగ్గడం మంచిదే. అయితే అమ్మిన ప్రతి బండీ మొదటి సర్వీసుకు, రెండో సర్వీసుకు తిరిగి అదే షెడ్డుకు రావాలి. అక్కడ ర్యాంపులు, మెకానిక్‌లు, స్పేర్లు ఆ లెక్కన పెరిగాయా అన్న ప్రశ్న మాత్రం జీఎస్టీ చర్చలో ఎక్కడా రాలేదు.

అమ్మకం ముందు పరిగెత్తి సర్వీసు వెనకపడితే ఏమవుతుందో దేశం ఇప్పటికే ఒకసారి చూసింది. 2023 సెప్టెంబర్ నుంచి 2024 ఆగస్టు వరకు, ఒక్క ఏడాదిలో, ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 3,389 కేవలం సర్వీసు ఆలస్యం గురించి. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. 99.1 శాతం ఫిర్యాదులు పరిష్కరించేశామని కంపెనీ జవాబిచ్చింది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. కంపెనీ కంప్యూటర్‌లో ఫిర్యాదు మూసేస్తే అది పరిష్కారం. బండి యజమానికి మాత్రం పొద్దున బటన్ నొక్కితే బండి కదలడమే పరిష్కారం. ఈ రెండూ ఒకటి కావాలని ఏమీ లేదు.

ఆ నోటీసుకు నెల ముందు, కర్ణాటకలోని కలబురగిలో 26 ఏళ్ల యువకుడొకడు అదే కంపెనీ షోరూంకు నిప్పు పెట్టాడు. కొన్న కొన్ని రోజులకే స్కూటర్ ఇబ్బంది పెట్టిందని, ఎన్నిసార్లు తిరిగినా పని కాలేదని అతని గోడు. వృత్తిరీత్యా అతను మెకానిక్. అతను చేసింది నేరమే, పోలీసులు అరెస్టు చేశారు, అందులో వాదన లేదు. కానీ బండి చెయ్యడం చేతనైన మనిషి కూడా తన బండిని తాను ముట్టుకోలేక కౌంటర్ ముందు నిలబడాల్సి వచ్చిందంటే, లోపం ఆ ఒక్కడి కోపంలోనే ఉందని సరిపెట్టుకోలేం.

"అంతా డీలర్ల దోపిడీ" అని చాలామంది తేల్చేస్తారు. ఓలా మాత్రం ప్రధానంగా కంపెనీ సొంత షోరూంల ద్వారానే అమ్మింది. అయినా గొడవ తప్పలేదు. కాబట్టి మనిషిని తిట్టేముందు డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడాలి.

వారంటీ ఇచ్చేది కంపెనీ. పని చేసేది డీలర్. వారంటీ కింద ఒక పార్టు మార్చితే డీలర్ ఆ కూలిని కస్టమర్ దగ్గర తీసుకోడు, కంపెనీకి క్లెయిమ్ పెట్టుకుంటాడు. ఏ పనికి ఎంత సమయం, ఎంత కూలి అన్నది కంపెనీ ముందే రాసి ఉంచుతుంది. మామూలు కస్టమర్ దగ్గర వచ్చే కూలితో పోలిస్తే అది చాలాసార్లు తక్కువే. అందులో రాసినదానికంటే ఎక్కువసేపు పడితే ఆ నష్టం డీలర్‌ది. పాత పార్టు జాగ్రత్త చేసి, అడిగితే వెనక్కి పంపాలి. కంపెనీ ఇంజనీరు "ఇది కస్టమర్ వాడకం తప్పు" అని రాస్తే క్లెయిమ్ పోతుంది, అప్పటికే మార్చిన పార్టు డబ్బు డీలర్ మీద పడుతుంది. పైగా కొత్త బండి మీద మార్జిన్ తక్కువ కాబట్టి, షోరూంకు నిలకడైన ఆదాయం డబ్బులిచ్చి చేయించుకునే సర్వీసు, ఆయిల్, స్పేర్లు, ఇన్సూరెన్స్ నుంచే రావాలి. ఇప్పుడు షెడ్డులో రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి యాక్సిడెంట్ బండి, ఇన్సూరెన్స్ బిల్లు పెద్దది. రెండోది వారంటీలో ఇంజన్ శబ్దం. మెకానిక్ ఒక్కడే. ముందు దేనికి స్పానర్ పెడతారో చెప్పక్కర్లేదు.

వారంటీ బండి వాళ్లకు ఎదురయ్యే మాటలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. "కంపెనీ నుంచే అట్ల వస్తది అన్నా, నడుపుతుంటే సెట్ అయితది." "చెక్ చేసినం, ఏం లేదు." "పార్ట్ ఆర్డర్ పెట్టినం, వచ్చే వారం ఫోన్ చేస్తం." మూడో మాటకు మళ్లీ జవాబు ఉండదు. విశాఖ అయినా కర్నూలు అయినా యాస మారుతుంది, మాట మారదు. సర్వీస్ అడ్వైజర్ మీద అరిచి లాభం లేదు, అతనూ జీతగాడే. ఎంత బిల్లు చేయించాడన్న లెక్క అతని నెత్తిన కూడా ఉంటుంది. అందుకే అడగకుండానే పాలిష్ కోటింగు, ఇంజన్ క్లీనింగు బిల్లులో చేరుతుంటాయి. ఫ్రీ సర్వీసు అంటే కూలి మాత్రమే ఫ్రీ, ఆయిల్‌కు, ఫిల్టర్‌కు డబ్బు కట్టాలన్న సంగతి కూడా చాలా ఇళ్లలో బిల్లు చూశాకే తెలుస్తుంది. బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, బల్బుల్లాంటి అరిగిపోయే సామాను మామూలుగా వారంటీలో ఉండదు. టైరు, బ్యాటరీల వారంటీ వాటి కంపెనీలది, ఆ క్లెయిమ్ దారి వేరు.

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించనిది బండి ఆగిన రోజుల ఖరీదు. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడికి బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే నాలుగు రోజుల సంపాదన లేదు, కిస్తీ మాత్రం తేదీకి కట్టాల్సిందే. ఊరూరా తిరిగి బట్టలమ్మే వాళ్లకూ అంతే. స్కూటీ మీద పిల్లల్ని స్కూల్లో దింపి తను పనికి వెళ్లే అమ్మీకి ఆటో ఖర్చు రోజూ రెండుసార్లు. వారంటీ పుస్తకం తీసి చూస్తే, దారిలో ఆగిపోయినందుకు, సంపాదన పోయినందుకు కంపెనీ బాధ్యత వహించదని ఒక లైను సాధారణంగా ఉంటుంది. రిపేరు ఎన్ని రోజుల్లో చేసిస్తారో చెప్పే లైను వెతికినా దొరకదు. కొన్నవాడు ఎన్ని రోజుల్లోపు సర్వీసుకు రావాలో మాత్రం తేదీ, కిలోమీటర్లతో సహా రాసి ఉంటుంది.

ఆ గడువు దాటినా, బయట చేయించినా వారంటీ పోతుందన్న భయమే జనాన్ని మొహల్లా ఉస్తాద్ నుంచి దూరం చేస్తోంది. ఇది ముస్లిం కుటుంబాలను రెండు వైపుల నుంచి తాకే విషయం. ముస్లింలు ఎక్కువగా బతికే పనుల్లో వాహనాల రిపేరు ఒకటని 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోనే ఉంది. కొనేవాడూ మనవాడే, ఆ రిపేరు మీద బతికే ఉస్తాద్ కూడా మనవాడే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపం కనిపెట్టాలంటే చెవి, చెయ్యి చాలవు, స్కానర్ కావాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ మొదట అధీకృత సెంటర్లకే అందుతుంది. పుత్లీబౌలిలో స్పేరు దొరికినా, కొన్ని పార్టులు బండి కంప్యూటర్‌కు పరిచయం చేస్తేగానీ పని చేయవు.

కార్ల విషయంలో ఈ పద్ధతిని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే తప్పుపట్టింది. 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట గ్యారేజీలో చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనకూడదని, బయటి పని వల్ల పాడైన మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ కేసు కార్లది, బైకుల కంపెనీలు అందులో లేవు. 2022లో కేంద్రం రిపేరు హక్కు గురించి కమిటీ వేసి, అదే డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. కానీ పోర్టల్ చట్టం కాదు.

మరి ఉన్న చట్టం ఎంతవరకు పనికొస్తుంది? అమ్మిన సరుకులో దాచిన లోపం బయటపడితే కొన్నవాడికి తిరిగిచ్చే హక్కు ఉందని ఫిఖ్‌లో ఖియార్-ఎ-ఐబ్ పేరుతో ఎప్పటి నుంచో ఉంది. మన కోర్టులు అంత దూరం తేలిగ్గా పోవు. 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు, వారంటీ పార్టు మార్చేవరకే అయితే మొత్తం బండి మార్చమనలేమంది. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలర్ తప్పుకు కంపెనీని పట్టుకోవాలంటే ఆ సంగతి కంపెనీకి తెలుసని చూపించాలంది. అందుకే ఫిర్యాదులో డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ చేర్చాలి. కంపెనీకి ముందే ఈమెయిల్ రాసి పెట్టుకోవాలి, రేపు తెలియదని అనకుండా.

2019 వినియోగదారుల చట్టంలో మేలైన అంశాలు కూడా ఉన్నాయి. బండి కొన్న ఊళ్లోనే కేసు వేయాలని లేదు, ఉంటున్న జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నడక మాత్రం అంత వేగంగా ఉండదు. ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడం మంచిది.

వీటన్నిటికీ ఆధారం ఒక్కటే, జాబ్ కార్డు. అడ్వైజర్ "జనరల్ చెకప్" అని రాస్తే, ఇంజన్ శబ్దం కోసం నాలుగుసార్లు వచ్చినా కాగితం మీద నాలుగు చెకప్‌లే ఉంటాయి. చెప్పిన లోపం చెప్పిన మాటల్లోనే రాయించుకోవాలి. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, మీటర్ రీడింగు ఉండాలి. "కొంచెం చూస్తాం, కార్డు ఎందుకు భాయ్" అంటే ఒప్పుకోకూడదు. వారంటీ నిరాకరిస్తే కారణం కాగితం మీద అడగాలి. నోటితో కాదన్నంత సులువుగా సంతకంతో కాదనరు. బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం కింద అన్యాయ వ్యాపార పద్ధతే. వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకూడదు, ఫోన్‌లో మాట్లాడింది కూడా మెసేజ్‌గా మళ్లీ పంపాలి. ఆటో, బస్సు ఖర్చులు, పోయిన డెలివరీ రోజుల లెక్క రాసి ఉంచుకుంటే పరిహారం అడిగేటప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇంత భారం కొన్నవాడి మీదే పడటం న్యాయం కాదు. వారంటీ రిపేరుకు ఇన్ని రోజులు, దాటితే వేరే బండి లేదా రోజుకింత అని పుస్తకంలో రాయాలన్న నిబంధన పెట్టడానికి ప్రభుత్వానికి కొత్త చట్టం కూడా పెద్దగా అక్కర్లేదు. భద్రతకు ముప్పు తెచ్చే లోపాలున్న బండ్లను వెనక్కి పిలిపించే నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, అందులో కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. బ్రేకు ఫెయిలైతే పట్టించుకునే నియమం ఉంది. స్పేరు రాక బండి నెల రోజులు షెడ్డులో ఆగితే అడిగే నియమం ఇంకా రాలేదు.