ఊరి చిహ్నము కోటగోడ మీదనే ఉన్నది



మన రాయచూరునకు తనదైన చిహ్నమొకటి, వీలైనచో జెండాయు ఉండిన బాగుండునని మొన్న మా వీధి అరుగు మీద ప్రస్తావన వచ్చినది. ఒకరు శక్తినగరు విద్యుత్ కేంద్రపు పొగగొట్టములను వేయుమన్నారు. మరొకరు వరికంకి యన్నారు. పొగను నెత్తిన పెట్టుకొను ఊరు ఎక్కడను ఉండదు. వరికంకి మీద మనకంటె సింధనూరు వారికే ఎక్కువ హక్కు. ఇక కృష్ణా తుంగభద్రలన్నచో, ఆ రెండింటి నడుమనున్న నేల కొరకు రాజులు కొట్లాడుకొన్న చరిత్రయే మనది.

నేను ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా ఉన్నన్నాళ్లు గండభేరుండ ముద్రగల కాగితముల మధ్యనే కాలము గడిపితిని. ఆ రెండు తలల పక్షి మైసూరు ఒడయరులది. అంతకు పూర్వము విజయనగర అచ్యుతదేవరాయల నాణెముల మీద ఉండెను. దాని పైనున్న సింహములు అశోకునివి. దేవానాంప్రియుడను బిరుదుగల రాజు అశోకుడే యని రూఢి చేసిన శాసనము 1915లో దొరికినది మన జిల్లాలోని మస్కిలోనే యని, ఆ ముద్ర వేసిన మా గుమాస్తాలలో ఎందరికి తెలియునో!

మా ఇంటి పాత దస్తావేజుల మీద నిజాము ముద్ర ఉన్నది. ఆయన పసుపుపచ్చ జెండా నడుమ తెల్లని గుండ్రని కుల్చా రొట్టె ఉండెడిది. ఒక సూఫీ గురువు మొదటి నిజామునకు ఏడు కుల్చాలిచ్చి ఏడు తరములు ఏలుదువని దీవించెనని కథ. 1948 సెప్టెంబరుతో ఆ ఏలుబడి ముగిసినది. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. కాకతీయుల వరాహము, విజయనగరపు వరాహము, నిజాము రొట్టె, ఇవన్నియు ఏలినవారి గుర్తులు. ఊరివారిని అడిగి పెట్టినది వీటిలో ఒక్కటియు లేదు.

మన కోటగోడలో 41 అడుగులకు పైబడిన పొడవుగల ఏకశిల ఒకటి ఉన్నది. దాని మీది తెలుగు శాసనము 1294 నాటిది. గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ కోటలను గెలిచి రాయచూరు ప్రవేశించి, ఊరిలోని జనులందరి రక్షణ కొరకు రాతి గోడ కట్టించెనని అందులో ఉన్నది. ఆ రాయి ఎట్లు వచ్చినదో చూపు బొమ్మ కూడ గోడ మీదనే గీసి ఉన్నది. గట్టి చక్రముల బండి మీద రాయి. ముందు బారులు తీరిన దున్నలు. వాటిని అదలించు తోలరులు. చక్రముల క్రింద మీటలు పెట్టి ఎత్తుచున్న కూలీలు. అందులో ఎవరి పేరును లేదు. మన ఊరి చిహ్నము అదియే కావలెనని నా మనవి.

శాసనము తెలుగు గనుక చిహ్నములో తెలుగు అక్షరములు ఉండవలెనని మనవారు కొందరు పట్టుబట్టుదురు. నాకు అది సమ్మతము కాదు. తరతరములుగా ఇక్కడ కన్నడ, ఉర్దూ మాటలాడు వారితో కలిసి బ్రతికినవారము. విఠలనాథుడు గోడ కట్టించినది జనులందరికని చెప్పుకొనెను గాని తెలుగువారికని చెప్పుకొనలేదు. పైగా, మన ఇండ్లలోని పిల్లలకే తెలుగు చదువ రాకున్నది. అక్షరములు ఎవరి కొరకు? చార్మినారు, కాకతీయ తోరణము చిహ్నమున ఉండవలెనా, తీసివేయవలెనా యని 2024లో తెలంగాణమున ఎంత రచ్చ జరిగినదో చూచితిమి. బండిని, దున్నలను చూచి మాది కాదని అనువారు ఈ ఊరిలో ఎవరును ఉండరు.

ఏడు వందల సంవత్సరములకు పైగా ఎండకు వానకు ఉన్న గీతలవి. నగరపాలక సంస్థ వారు పురావస్తు శాఖ అనుమతి పొంది, చేయి తిరిగిన చిత్రకారుని చేత ఆ బొమ్మకు నకలు తీయింపవలెను. చిహ్నము సంగతి తరువాత తేల్చుకొన్నను సరియే, నకలు మాత్రము ఈ ఏడే కావలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
రాయచూరు.