బారెల్ పొట్టిదైతే గురి తప్పుతుందా?

రాత్రి హాస్టల్‌లో గేమ్ ఆడుతూ ఎవడో ఒకడు అనేస్తాడు: "పొట్టి గన్ రా, దూరం కొడితే తగలదు." స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పాసైనవాళ్లు కూడా తలూపేస్తారు. నేను మాత్రం ఒప్పుకోను.

ఎం16 బారెల్ 20 అంగుళాలు, ఎం4ది 14.5. పొడవు తగ్గితే ముఖ్యంగా తగ్గేది తూటా వేగం. తూటాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడతాయన్నది వేరే సంగతి. పైగా మందం ఒకటే అయితే పొట్టి గొట్టమే తక్కువ వంగుతుంది. కాంటిలీవర్ ఫార్ములాలో ఎల్ క్యూబ్ గుర్తుందిగా!

తేడా దూరం పెరిగేకొద్దీ బయటపడుతుంది. వేగం తగ్గిన తూటా చేరడానికి ఎక్కువ టైం తీసుకుంటుంది కాబట్టి ఎక్కువ కిందికి జారుతుంది, గాలికి ఎక్కువ పక్కకి పోతుంది. 100 మీటర్లకి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, 400 దగ్గర మాత్రం లెక్క మార్చాల్సిందే. ఇనుప సైట్లతో ఇంకో చిక్కు: వాటి మధ్య దూరం తగ్గితే అదే అర మిల్లీమీటరు పొరపాటు పెద్ద కోణం అవుతుంది. స్కోప్ పెడితే ఆ గొడవ లేదు.

అలాగని మరీ ఆశపడొద్దు. 100 మీటర్లకి 12 సెంటీమీటర్ల వలయంలో పడే తూటాలు, గాలి అస్సలు లేకపోయినా, 300 మీటర్లకి కనీసం 36 సెంటీమీటర్లకు పరుచుకుంటాయి. పొడుగు బారెల్ తెచ్చినా ఈ మూడు రెట్లు తప్పవు.