విలాసపు కారు వెలలో విలువ ఎంత?

2023 డిసెంబరులో ఇటలీ దేశపు లాంబోర్గినీ సంస్థ తన రెవుల్టో కారును భారతదేశ విపణిలో ప్రవేశపెట్టింది. షోరూం వెల 8 కోట్ల 89 లక్షల రూపాయలు. రిజిస్ట్రేషను, రహదారి పన్ను, బీమా అదనం. అందులో కూర్చొనగలవారు ఇద్దరు. ఇటువంటి వాహనం వచ్చినప్పుడెల్లా మన పత్రికలు రంగుల పుటలు కేటాయిస్తున్నవి. ఇంత వెలకు ఇది తగునా అని తామే ప్రశ్న వేసి, అనుభవించినవారికే తెలుస్తుందని తామే జవాబు చెప్పుకొంటున్నవి.

అనుభవించే స్తోమత లేనివారికి ఈ ప్రశ్నతో పనియేమని కొందరు అనవచ్చు. మేము అట్లా భావించడం లేదు. ఒక వస్తువు వెల ఎట్లా ఏర్పడుతుంది, అందులో శ్రమ పాలు ఎంత, యజమాని లాభం పాలు ఎంత అనేవి కార్మిక సంఘానికి పరాయి ప్రశ్నలు కావు. పైగా ఆ కారుపై పన్ను ఎంత ఉండాలో నిర్ణయించే ప్రభుత్వమే మన జీతాన్ని, మన పింఛనును, మనం నడిపే బండి భద్రతకు పెట్టవలసిన ఖర్చును కూడా నిర్ణయిస్తున్నది. కనుక ఈ విషయాన్ని మన సభ్యుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా ఒక మాట. ఆ కారు పనితనాన్ని కించపరచడం మా ఉద్దేశం కాదు. పన్నెండు సిలిండర్ల ఇంజను, దానికి తోడు మూడు విద్యుత్ మోటార్లు, అన్నీ కలిసి వెయ్యి అశ్వశక్తికి మించిన బలం, గంటకు 350 కిలోమీటర్లు దాటే వేగం! సాంతాగాత బొలొనేజె అనే చిన్న పట్టణంలోని కార్మికుల చేతులలో రూపొందిన యంత్రం అది. లోకోషెడ్డులో, వర్క్‌షాపులో జీవితం గడిపిన మన సోదరులకు మంచి ఇంజను అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. కార్మికుని నైపుణ్యానికి మేము ఎక్కడైనా నమస్కరిస్తాము. అయితే కొనుగోలుదారు చెల్లించే వెల అంతా ఆ నైపుణ్యానికే చెందుతున్నదా? ఇదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు కార్ల సంస్థల జమాఖర్చులలోనే ఉన్నది. ఇటలీలోనే మరొక పేరు మోసిన సంస్థ ఫెరారీ. 2024లో అది ప్రపంచమంతటా అప్పగించిన కార్లు 13,752 మాత్రమే. ఆదాయం సుమారు 668 కోట్ల యూరోలు, నిర్వహణ లాభం సుమారు 189 కోట్ల యూరోలు. అనగా ప్రతి 100 యూరోల ఆదాయంలో 28 యూరోలు లాభం. రేసు జట్టు ద్వారా, ముద్ర ద్వారా వచ్చే రాబడి ఇందులో కొంత ఉన్నదనుకొన్నా సింహభాగం కార్లదే. అదే సంవత్సరం జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కూటమి సుమారు 90 లక్షల వాహనాలను అప్పగించింది. ప్రతి 100 యూరోల ఆదాయంపై దాని నిర్వహణ లాభం 6 యూరోల లోపే. ఇనుము, అల్యూమినియం, విద్యుత్తు, యంత్రాలు, జీతాలు ఇద్దరికీ ఖర్చులే. ఖరీదైన కారుకు ఖరీదైన సామగ్రి, ఎక్కువ పనిగంటలు కావాలన్న మాట నిజమే. కాని ఆ ఖర్చులన్నీ తీసివేసిన తరువాతనే ఈ 28 మిగులుతున్నది. వెల హెచ్చుగా ఉండడానికి ఖర్చు హెచ్చుగా ఉండడమే కారణమైతే లాభశాతంలో ఇంత అంతరం ఉండడానికి వీలులేదు.

మరి ఆ మిగులు ఎక్కడ నుండి వస్తున్నది? కొరత నుండి వస్తున్నది. ఆ కొరత కరువు వల్లనో యుద్ధం వల్లనో ఏర్పడినది కాదు; బుద్ధిపూర్వకంగా నిలబెట్టుకొంటున్నది. మార్కెట్టు ఎన్ని కార్లు కోరుతుందో అంతకంటె ఒకటి తక్కువగానే అందించాలన్నది ఎంజో ఫెరారీ సూత్రంగా ప్రసిద్ధి. మన ఊళ్ళో ఉల్లిపాయల వర్తకుడు ఈ సూత్రాన్ని పాటిస్తే దాపుడు సరుకు అంటాము, గోదాముకు సీలు వేయిస్తాము. అక్కడ దానికి ప్రతిష్ఠ అని పేరు. అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే ఈ రహస్యాన్ని విప్పి చెప్పాడు. కొన్ని వస్తువులను వాటి ఉపయోగం కొరకు కాక, ఇతరులు కొనలేరన్న సంగతి చాటుకొనడం కొరకే ధనికులు కొంటారన్నాడు. అటువంటి వస్తువుకు వెల తగ్గితే గిరాకీ కూడా తగ్గుతుంది. వెల కోసమే కొనే వస్తువును ఆ వెలకు తగునా అని అడగడంలో అర్థం లేదు.

ఉపయోగ విలువ సంగతి చూద్దాం. 2018లో వేగ పరిమితులను పెంచుతూ కేంద్ర రవాణా శాఖ జారీ చేసిన ఉత్తర్వు సైతం ఎక్స్‌ప్రెస్ రహదారులపై కార్లకు గంటకు 120 కిలోమీటర్లకు మించి అనుమతించలేదు. అట్టి దేశంలో 350 కిలోమీటర్ల వేగాన్ని కొనుక్కొన్నవాడు దానిని ఎక్కడ వాడుకొంటాడు? వాడకపోతే డబ్బు వృథా. వాడితే ఏమవుతుందో 2024 మే 19 తెల్లవారుజామున పుణె నగరం చూసింది. 17 ఏండ్ల బాలుడు నడుపుతున్నాడని పోలీసులు పేర్కొన్న పోర్షె కారు ఢీకొని, మోటారు సైకిలుపై వెళ్ళుతున్న ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. బెయిలుకు తొలుత విధించిన షరతులలో 300 మాటల వ్యాసం వ్రాయడం ఒకటని తెలిసి దేశమంతా నివ్వెరపోయింది.

దీని పక్కన మన చేతి పనిని నిలబెట్టి చూద్దాం. చెన్నై పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో మన కార్మికులు నిర్మించిన మొదటి వందే భారత్ బండి 2019 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ నుండి వారణాసికి బయలుదేరింది. పదహారు పెట్టెలకు అయిన ఖర్చు సుమారు 100 కోట్ల రూపాయలు, సీట్లు 1,128. అనగా ఒక్కొక్క సీటుకు సుమారు 9 లక్షలు. లాంబోర్గినీ కారులో ఒక్కొక్క సీటుకు 4 కోట్ల 44 లక్షలు. ఒకటి యాభై రెట్ల వ్యత్యాసం! ఆ బండి టిక్కెట్టు సామాన్యునికి భారమన్న విమర్శ మాకూ ఉన్నది. అయినా అది నడిచిన ప్రతిసారీ వెయ్యిమందిని గమ్యం చేరుస్తుంది. అది క్షేమంగా సాగడానికి ఒక కీమన్ సుత్తి, స్పానరు భుజాన వేసుకొని ప్రతిదినం తన బీటు పొడుగునా పట్టాలు చూసుకొంటూ నడుస్తాడు. అతని నడకకు ఏ రంగుల పుటలోను చోటు దొరకదు.

విలాసపు కార్ల పక్షాన వినిపించే వాదాలు మూడు. మొదటిది, నేడు ఖరీదైన కారులో పుట్టిన సాంకేతికత రేపు సామాన్యుని కారులోకి వస్తుందన్నది. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. డిస్కు బ్రేకులు 1953లో లె మాన్ పందెంలో జాగ్వార్ కారు గెలుపుతోనే లోకప్రసిద్ధి పొందినవి. కాని మోటారు వాహన చరిత్రలో అత్యధిక ప్రాణాలు కాపాడిన సాధనాలలో మొదట చెప్పదగిన మూడు బిందువుల సీటు బెల్టు ఏ పందెపు కారులోను పుట్టలేదు. 1959లో స్వీడను దేశపు వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ దానిని సాధారణ కుటుంబాల కారు కొరకు రూపొందించాడు. సంస్థ ఆ పేటెంటును ఇతర తయారీదారులందరూ వాడుకొనడానికి వదలిపెట్టింది. లోకానికి మేలు జరగడానికి తొమ్మిది కోట్ల వెల అవసరం లేదని ఇది రుజువు చేస్తున్నది.

రెండవ వాదం, ఈ కార్ల వల్ల కార్మికులకు పని దొరుకుతుందన్నది. సాంతాగాత కార్మికుల విషయాన్ని మేము సంతోషంతో పేర్కొంటాము. 2023 డిసెంబరులో వారి సంఘాలు, ఫియొమ్, ఫిమ్, యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకొన్నవి. రెండు షిఫ్టులలో పనిచేసేవారికి ఒక వారం ఐదు దినాలు, మరు వారం నాలుగు దినాలు పని. మూడు షిఫ్టులవారికి ఒక ఐదు దినాల వారం తరువాత రెండు నాలుగు దినాల వారాలు. జీతం తగ్గదు, పైగా 500 మంది కొత్తవారి నియామకం. రన్నింగ్ స్టాఫుకు ఎనిమిది గంటల పని దినం కోరి 1974 మే నెలలో సమ్మె చేసి, జైళ్ళకు వెళ్ళి, ఉద్యోగాలు పోగొట్టుకొన్న రైల్వే కార్మికుల వారసులమైన మనకు ఈ విజయం ఎంతటిదో తెలుసు.

అయితే ఆ విజయం కారు వెల వల్ల దానంతట అది రాలేదు. లాంబోర్గినీకి యజమాని ఔడీ, ఔడీకి యజమాని ఫోక్స్‌వాగన్. సాంతాగాత ఒప్పందం జరిగిన ఏడాదికే, 2024 డిసెంబరులో, అదే ఫోక్స్‌వాగన్ జర్మనీలో 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించే ఒప్పందానికి వచ్చింది. కార్ఖానాలు మూసివేస్తామన్న బెదిరింపును తిప్పికొట్టడానికే అక్కడి సంఘం వారాల తరబడి పోరాడవలసి వచ్చింది. విలాసపు కారు లాభాలు సామాన్యుని కారు తయారుచేసేవారి కొలువులను కాపాడలేదు. లాభం ఉన్నచోట సంఘం అడిగి తీసుకొంటేనే కార్మికునికి అందుతుంది; అడగకపోతే వాటాదారుని జేబులోకి పోతుంది.

మూడవ వాదం చాలా ప్రచారంలో ఉన్నది: వారి డబ్బు వారిష్టం, పైగా పన్ను కడుతున్నారు కదా అన్నది. పన్ను మాట వారే ఎత్తారు కనుక దానినే చూద్దాం. మన పన్ను జీతం చేతికి రాకముందే కోత పడుతుంది, దాచడానికి దారి లేదు. 2017లో కేరళలో ఏమి జరిగింది? ఖరీదైన కార్లను పుదుచ్చేరి చిరునామాలతో రిజిస్టరు చేయించి సొంత రాష్ట్రపు రహదారి పన్ను ఎగవేశారన్న ఆరోపణపై ప్రముఖుల మీద కేసులు నమోదైనవి. తొమ్మిది కోట్లు వెచ్చించగల చేతికి పన్ను దగ్గర మాత్రమే పిసినారితనం వస్తున్నది.

ప్రభుత్వం వైఖరి ఇంకా విచిత్రం. 2025 సెప్టెంబరు 22 వరకు పెద్ద పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 48 శాతం, ఎస్.యు.వి.లపై 50 శాతం జి.ఎస్.టి. ఉండేది. ఆనాటి నుండి అది 40 శాతానికి తగ్గింది. చిన్న కార్లపై, మోటారు సైకిళ్ళపై జరిగిన తగ్గింపును మేము ఆక్షేపించము. కోటీశ్వరుని కారుకు ఈ కానుక ఎందుకు? అంతకుముందు 2025 జూలైలో బ్రిటనుతో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో, నూరు శాతానికి మించి ఉన్న కార్ల దిగుమతి సుంకాన్ని నిర్ణీత సంఖ్య మేరకు 10 శాతానికి దించడానికి అంగీకరించారు.

ఈ తగ్గింపు విలువ ఎంతో మన లెక్కలో చెబుతాము. పన్ను కాక కోటి రూపాయల విలువగల పెద్ద పెట్రోలు కారుపై 8 శాతం అంటే 8 లక్షలు. అటువంటి పది కార్లపై 80 లక్షలు. బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ పరికరాన్ని ఒక రైలు ఇంజనుకు అమర్చడానికి అయ్యే ఖర్చు సుమారు 80 లక్షలని రైల్వే శాఖ పార్లమెంటుకు చెప్పింది. పది కార్ల యజమానులకు వదలిపెట్టిన సొమ్ముతో ఒక ఇంజనుకు, ఆ బండిలోని వెయ్యిమందికి రక్ష కలుగుతుంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనాగ బజార్ దగ్గర మూడు వందలకు చేరువగా ప్రాణాలు పోయినవి. అదే సంవత్సరం అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరు బండిని మరొక ప్యాసింజరు వెనుక నుండి ఢీకొన్నది. ఆ మార్గాలలో కవచ్ లేదు. వనరులు పరిమితమని మనకు చెప్పేవారు ఈ కోట్లను వదులుకొన్నప్పుడు పరిమితి గుర్తుకు రాలేదా?

తపాలా సోదరుల లెక్క కూడా ఉన్నది. నాలుగు గంటల పనిచేసే గ్రామీణ డాక్ సేవకునికి 2018లో నిర్ణయించిన కనీస భత్యం, కరువు భత్యం కాక, నెలకు 10,000 రూపాయలు. ఆ లెక్కన ఒక్క రెవుల్టో కారు షోరూం వెల ఆయనకు 740 సంవత్సరాల మూల భత్యం. ఎండలో వానలో ఊరూరా ఉత్తరాలు, పింఛను డబ్బు చేర్చే ఆ మనిషిని శాఖ ఉద్యోగిగా గుర్తించడానికి మాత్రం ఖజానాలో డబ్బు లేదంటారు. 2020 మార్చిలో ఆపివేసిన వృద్ధుల రైలు రాయితీకీ అదే జవాబు చెబుతూ వచ్చారు.

కనుక మా నిర్ణయం స్పష్టం. ఆ కారులో కార్మికుని పనితనానికి తగిన వెల ఉన్నది, దానిని ఎవరూ కాదనరు. దానిపైన పేర్చినది కొరతకు, ఆడంబరానికి చెల్లించే కప్పం. అట్టి కప్పం చెల్లించగలవానికి పన్ను రాయితీ అవసరం లేదు. విలాస వాహనాలపై తగ్గించిన పన్నును పూర్వపు స్థాయికి తేవాలి. ఆ రాబడిని కవచ్ విస్తరణకు, ఖాళీగా ఉన్న భద్రతా కొలువుల భర్తీకి కేటాయించాలి. డాక్ సేవకులను శాఖ ఉద్యోగులుగా గుర్తించాలి. వృద్ధుల రాయితీని పునరుద్ధరించాలి. ప్రతి శాఖ తన సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని చర్చించి, తీర్మానాన్ని కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.